రెండు గుమ్మాలకూ ఒకే కత్తి

టౌను పోలీసు స్టేషను ఎస్సై గారికి,

నా పేరు గొర్లె కూర్మయ్య. తండ్రి అప్పలస్వామి, కాలం చేశారు. వయసు డెబ్బై మూడు. ఒకప్పుడు విజయనగరంలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం నడిపాను. ఇప్పుడు దుకాణం మా కోడలిది, అందులో కుర్చీ మాత్రం నాది. బడిలో చదివింది ఐదో తరగతి. తక్కినది ఫ్రేముకొచ్చిన సర్టిఫికెట్లు, పటాల కింది శ్లోకాలు, అట్టల కోసం కొన్న పాత పత్రికలు చదివి సంపాదించుకున్నాను.

ఈ వాంగ్మూలం ఇవ్వకుండానే ఇంటికి పోదామనుకున్నాను. గొడవ సర్దుకున్నాక కాగితమెందుకని. ఎస్సై గారు, "సర్దుకుందని కాగితం మీదుంటేనే సర్దుకున్నట్టు, తాతా" అన్నారు. రైటరు రాసుకుంటానన్నాడు గాని, అతను నా మాటల్ని సగంలోనే కోసేస్తున్నాడు. అందుకని స్టేషను బెంచీ మీద కూర్చుని నేనే రాసిస్తున్నాను.

నేను ఫ్రీమేసన్ని, అదొక పాత సోదర సంఘం. కంటోన్మెంటు వైపు పాత బంగళాలో మా లాడ్జి ఉంది. గదులు అద్దెకిచ్చే లాడ్జి కాదు. ఒకసారి కోటబొమ్మాళి నుంచి పెళ్ళివారు పెట్టెలతో సహా దిగిపోయి వేడినీళ్ళు అడిగారు, ఆ కథ ఇక్కడ అనవసరం. నెలకోసారి కూడి, నల్లకోట్లు తొడుక్కుని, నడుముకు తెల్ల తోలు ఏప్రన్లు కట్టుకుని, తాపీమేస్త్రి పనిముట్లు ముందు పెట్టుకుని, మనిషి మంచిగా బతకడమెలాగో మాట్లాడుకుంటాం. ఇన్నేళ్ళలో మేం నిజంగా కట్టిన గోడ మాత్రం ఒక్కటే. దాని సంగతి చెబుతాను.

మా లాడ్జికి పెద్ద జగన్నాధం గారు, రిటైరైన ప్లీడరు. ఆయన సొంత చెల్లెలు రాజకుమారి గారు, హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆడవాళ్ళను కూడా చేర్చుకునే మేసన్ల సంఘం వేరే ఒకటుంది. ఆవిడ అందులో చేరి, మాలో కొందరిని వెంట తీసుకుపోయి, ఏడేళ్ళ కిందట అదే బంగళా తూర్పు వైపున కొత్త లాడ్జి పెట్టారు. మా పైవాళ్ళ నియమం ప్రకారం వాళ్ళు మేసన్లే కారు. మేం వాళ్ళ సభలో కూర్చోకూడదు, వాళ్ళు మా సభకు రాకూడదు. హాలు మధ్య ప్లైవుడ్ గోడ లేచింది. అన్నాచెల్లెళ్ళకు మాటలు పోయాయి. వాళ్ళ మేనకోడలి పెళ్ళిలో ఆయన ఒక బంతిలో, ఆవిడ ఇంకో బంతిలో భోంచేశారు.

లాడ్జిలో నా పని గుమ్మం బయట కత్తి పట్టుకుని నిలబడడం. సభ జరుగుతుంటే బయటివాళ్ళు రాకుండా కాపలా. కత్తికి పదును లేదు, మీ కానిస్టేబులు వేలు పెట్టి చూశాడు కూడా.

మా సభ రెండో శనివారం, వాళ్ళది నాలుగో శనివారం. పోయిన నెల తుఫాను హెచ్చరికతో వాళ్ళ సభ ఆగిపోయి, మొన్న మా శనివారం రోజునే పెట్టుకున్నారు. వాళ్ళ కాపలా మనిషి ఎక్కిన రైలు కొత్తవలసలో ఆగిపోయింది. రాజకుమారి గారు వచ్చి, "కూర్మయ్య గారూ, మా గుమ్మం కూడా కాస్త చూస్తారా" అన్నారు.

"లోపలికి రావద్దన్నారు గాని, బయట నిల్సోవద్దని ఎవలూ అన్లేదమ్మా" అన్నాను. అలా రెండు గుమ్మాలకూ ఒకే కత్తి అయింది.

ఆ సాయంత్రం రెండు వైపులా కొత్తగా చేరేవాళ్ళున్నారు. మా వైపు యుగంధర్, గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగి. వాళ్ళ వైపు కోనాడ చేపల వ్యాపారి ధనరాజు. అతని భార్య అమ్మడు అప్పటికే కొత్త లాడ్జి సభ్యురాలు, మొగుణ్ణి పట్టుబట్టి తెచ్చింది ఆవిడే.

చేరేవాణ్ణి తయారుచేసే పద్ధతి ఒకటుంది. కోటు విప్పించి, ఒక కాలి ప్యాంటు మోకాలి దాకా మడిచి, కళ్ళకు గంతలు కట్టి, మెడలో తాడు వేస్తారు. చీకట్లోంచి వెలుగులోకి వస్తున్నట్టు గుర్తు. భయపెట్టడానికి కాదు, నన్ను కూడా అలాగే తీసుకెళ్ళారు. ఆ తయారీ గది బంగళా మొత్తానికి ఒక్కటే. అందులో ఎవరూ మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఇద్దరూ ఒకే ఒడ్డూ పొడుగూ, ఇద్దరివీ తెల్లచొక్కాలే. అంతలో కరెంటు పోయింది. లోపల్నుంచి మా వాడొకడు, వాళ్ళ వాడొకడు తడుముకుంటూ వచ్చి చెరొకరి చెయ్యీ పట్టుకుని చెరో గదికి తీసుకుపోయారు. నియమం కదా, ఎవరూ నోరు విప్పలేదు. ఒక్కడు విప్పినా ఈ కాగితం ఉండేది కాదు.

నేను రెండు తలుపులూ తట్టాను. తట్టే పద్ధతి రెండింటికీ ఒకటే. లోపల జరిగేది మీరు పోలీసులైనా సరే చెప్పకూడదు. చెప్పదగ్గది ఇంతే. ప్రమాణం అయ్యాకే గంతలు విప్పుతారు, కరెంటు కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది.

విప్పేసరికి యుగంధర్ ఎదురుగా కుర్చీలో రాజకుమారి గారున్నారు. ధనరాజు ఎదురుగా జగన్నాధం గారున్నారు. ధనరాజు చుట్టూ చూసి, "మా యావిడేది?" అన్నాడు. ప్లైవుడ్ అవతల్నుంచి అమ్మడు గొంతు, "నానిక్కడే ఉన్నాను. నువ్వెక్కడున్నావు?"

గుమ్మం బయట నాకూ వినబడి నవ్వొచ్చింది. జగన్నాధం గారికి రాలేదు. తిన్నగా వచ్చి మీకు ఫిర్యాదు ఇచ్చారు. మా మనిషిని మోసంతో లాక్కుపోయారు, మెడకు తాడు కట్టి, కత్తి కాపలా పెట్టి దొంగ ప్రమాణం చేయించారు అని. అందులో మొదటి పేరు ఆయన చెల్లెలిది, రెండోది నాది. ఆదివారమంతా రాజకుమారి గారు వరండాలోనే కూర్చున్నారట. బీరువా తాళాలు తన కోడలి చేతికి ఇచ్చేశారట. అరెస్టయ్యే మనిషి తాళాలు ఇచ్చి వెళ్ళాలని ఎవరు చెప్పారో మరి. నేను ఆవిడను చూడ్డానికి పోలేదు. పోతే ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఈ ఉదయం అందరినీ ఇక్కడికి పిలిపించారు. ఎస్సై గారు ముందు యుగంధర్‌ని అడిగారు, ఇష్టం లేకుండా చేయించారా అని.

"లేదండి. ధనరాజు అని పిలిచేరు. చేరినోళ్ళకి కొత్త పేరు పెడతారు కాబోలనుకున్నాను."

"ఆడగొంతు వినబళ్ళేదా?"

"వినబడిందండి. ఇంటి దగ్గర మా అమ్మ, ఆఫీసులో మా మేడం. ఆడగొంతు సెప్పినట్టు సెయ్యడం అలవాటేనండి."

ధనరాజు అందుకున్నాడు. "నన్ను యుగంధర్ అన్నారు బాబూ. మంచి పేరే పెట్టినారనుకున్నాను."

అమ్మడు అతని వైపు చూసింది. "ఉన్న పేరుకేటొచ్చింది నీకు?"

ఎస్సై గారు జగన్నాధం గారి వైపు తిరిగి, "ప్లీడరు గారూ, మీ గదిలోనూ తాడు కట్టిన మనిషితోనే ప్రమాణం చేయించారు. ఆవిడ మీద ఏ సెక్షను పెడితే, మీ మీదా అదే కదండీ" అన్నారు. రాజకుమారి గారు అన్నారు, "మా అన్నియ్య మీద నేనేటీ రాయనండి."

 

జగన్నాధం గారు యుగంధర్‌తో, "నీ చేత మా దగ్గర మళ్ళీ ప్రమాణం చేయిస్తాను" అన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు. "ఒకపాలి దేవుడి ముందు అనీసేనండి. మళ్ళీ అంటే ముందుది అబద్ధమయిపోద్ది."

"అన్నియ్యా," అన్నారు రాజకుమారి గారు. ఏడేళ్ళలో ఆయన్ను అలా పిలవగా నేను వినలేదు. "నీ గదిలో అనిపించిన మాటలే నా గదిలోనూ అనిపించాను. వాళ్ళిద్దర్నీ సరిచూసుకోమను."

పోలీసుల ముందు పైకి అనకూడదు. అందుకని ఇద్దరినీ బయటికి పంపారు. పట్టుకొచ్చిన మోటారుసైకిళ్ళ మధ్య నిలబడి ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారు. ఒక ముక్క ఇతను, ఒక ముక్క అతను. జగన్నాధం గారు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ పెదాలతో పాటు ఆయన పెదాలు కూడా కదిలాయి.

లోపలికి వచ్చి, "ఒక్క ముక్క తేడా నేదండి" అన్నాడు ధనరాజు.

జగన్నాధం గారు కుర్చీలో కూర్చున్నారు. "సరే. యుగంధర్ మా వాడు, ధనరాజు మీ వాడు. ఎవరి గదికి వాళ్ళు రండి. ప్రమాణం ఏ గదిలో చేసినా చెల్లుతుంది."

"పైవోళ్ళు ఒప్పుకుంటారా బాబూ?" అన్నాను, ఊరుకోలేక.

"అడిగితే ఒప్పుకోరు. అందుకే అడగను."

ఈ ముక్క రికార్డులో వద్దనుకుంటే ఎస్సై గారు కొట్టేయవచ్చు. గుండెల మీంచి బియ్యం బస్తా దించినట్టయింది నాకు. ప్లైవుడ్ గోడ తీసేస్తారా అని అడగలేదు. ఈ పూటకు ఇది చాలు.

పైన రాసినదంతా నేను చూసినదీ విన్నదీ. ఎవరూ చెప్పించలేదు, ఎవరికీ భయపడి రాయలేదు. మాటల్లో పక్కదారులు ఎక్కువైతే అది నా అలవాటు గాని అబద్ధం కాదు.

ఇది రాస్తుండగా రైటరు జగన్నాధం గారి ముందు ఫిర్యాదు వెనక్కి తీసుకునే కాగితం పెట్టాడు. ఆయన జేబులు తడుముకున్నారు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారు. రాజకుమారి గారు తన కళ్ళజోడు తీసి ఇచ్చారు. ఆయన అది పెట్టుకుని, కాగితం మొత్తం చదివి, సంతకం చేశారు.

(సంతకం) గొర్లె కూర్మయ్య