లిన్ రాసిన లీవు లెటరు

హలో… ఆ, నేనే. లింబాద్రినే, రాజన్నా. ఉమ్ అల్ క్వైన్‌ల ఈ పైపుల ఫ్యాక్టరీ ఫోను స్టోరు కీపర్ గాక ఇంకెవ్వలు ఎత్తుతరే?…

ఫుజైరాల ఎండలెట్లున్నయ్?… అగో, ఎండల ముచ్చట వద్దట. సరే, ఇంటి నుంచి లక్ష్మక్క క్యాసెట్ పంపిందా?… పంపిందా! గౌరి ఏమన్నది?… "నాయినా" అన్నదా? ఎన్నిమాట్ల తిప్పి తిప్పి విన్నవు?… రీలు అరిగిపోతదే. ఇంకో పది రోజులకు గౌరి గొంతు ముసలమ్మ గొంతయితది చూడు…

ఆగు, చెప్త. పొద్దుగాల సంది మూడుమాట్ల ఫోన్ జేసినవట, నేను లేకుంటే ఎత్తిన హెల్పర్ పీరా చెప్పిండు. ఈడికెల్లి మన కంపెనీ క్వారీకి మారినంక టైపిస్టుకు పనేం లేదా?…

ఆ, అయింది. పదింటికి పరీక్షకు కూసోవెట్టిండ్రు నీ శిష్యున్ని.

పాసా ఫెయిలా అని ఒక్క మాటల చెప్తే నాకేం మజా ఉంటది? జర చాయ్ తాగనియ్యి…

అరే, తిడ్తవెందుకు? నాకెర్క లేదా ఏంది? ఫెయిలైతే లిన్ గురువారం విమానమెక్కి తైవాన్ పోవాలె. మిషిన్లు బిగించుటానికి వచ్చినోడు, బిగించుడు ఖలాస్. ఇంగ్లీషుల రిపోర్టు రాయొస్తేనే సూపర్‌వైజర్‌గ ఉంచుకుంట అన్నడు ముదీర్, మన రెండు జాగలకు మేనేజరాయె. గంతే గద?… మరి నాకే చెప్పవడితివి.

పోయినోడు మంచిగనే పోయిండు. ఇస్త్రీ అంగి. తలకు నూనె— ఏందీ, నూనె గూడ నువ్వే పెట్టుకొమ్మన్నవా?… పరీక్షకు పోయేటోడు తల దువ్వుకొని పోవాలెనని? వారీ! చైనా భాష మాట్లాడేటోన్ని పట్టుకొని అచ్చం జగిత్యాలోన్ని జేసినవు గదనే…

నేను లోపట్నే ఉన్న. కాగితాలు అందించుటానికి నన్ను నిలవెట్టిండ్రు.

ముందుగాల చదువుమన్నడు. మిషిన్ బుక్కుల ఒక పేజీ… చదివిండు. ఎట్లనా? నీలెక్కనే. గదే రాగం, లైను లైనుకు గదే దగ్గు. ముదీర్ నా దిక్కు చూసిండు, ఈ ఇంగ్లీషు ఎక్కడనో విన్న గద అన్నట్టు…

గ్రామర్ గూడ అడిగిండు. నిన్న ఏం జేసినవు, రేపు ఏం జేస్తవు అని. నిన్నటిది నిన్నకే చెప్పిండు, రేపటిది రేపటికే చెప్పిండు. దాంట్ల నీ పరువు పోలే.

రాసుడా… ఆ. రాసుడు కాడనే— ఉండు, ఎవలో వచ్చిండ్రు… నై భాయ్, వాల్వ్ బాద్ మే, యల్లా, చలో!… ఆ, ఏడిదాక వచ్చినం?

"నాకొక ఉత్తరం రాయి" అన్నడు ముదీర్. దేని గురించి అని చెప్పలే. నీ ఇష్టం అన్నడు…

ఏం రాస్తడు మరి? నువ్వు నేర్పిందే రాసిండు… ఏది నేర్పినవో యాది లేదా? లీవు లెటరు రాసిండు రాజన్నా! ఒక్క గీత తప్పు పోలే…

నవ్వొస్తలేదా? నాకైతే మస్తొచ్చింది. ఉత్తరం అంటే మీ బడి సారు నీకు నేర్పింది గదొక్కటే, నువ్వు వానికి నేర్పింది గదొక్కటే. శుక్రవారం శుక్రవారం నువ్వు బోర్డు మీద రాసుడు, వాడు నోటుబుక్కుల ఎక్కించుకొని బట్టీ పట్టుడు. ఆర్నెల్లు. ఇంకేం రాస్తడు?…

ఆ, నీ పేరు గూడ. కింద సంతకం జాగల "మీ విధేయుడు, వెంకటరాజు" అని… వాన్నెందుకు తిడ్తవు? పేరు మార్చుకొని రాయాలెనని చెప్పినవా నువ్వు? బళ్ళె మనం గూడ బుక్కుల ఉన్న పేరే రాసి చెవులు పిండించుకున్నోళ్ళమే గద…

ఆ చప్పుడేంది? కుర్చీ ఎన్కకు పడ్డదా?…

ఆ. ఇప్పుడు అర్థమైనట్టుంది.

అవు. నీ లెటరే. దుబాయ్ వచ్చినంక బిడ్డ పుట్టింది, ఇప్పటిదాక మొకం చూడలే, రెండు నెలల సెలవియ్యాలె— మొత్తం రాసిండు.

బుగులువడకు… అరే, కొలువేం పోదు, విను ముందుగాల.

ముదీర్ చదివిండు. అద్దాలు తీసి తుడిచిండు. మల్ల చదివిండు. "నీకు పెండ్లే కాలేదు, బిడ్డెక్కడిది?" అన్నడు. గా మాట ఇని లిన్ లేచి బయటికి ఉరికిండు. ఇగ వీడు సామాను సర్దుకునుటానికే పోయిండు అనుకున్న నేను… కాదు. రూముల నుంచి నోటుబుక్కు తెచ్చి ముదీర్ ముంగట పెట్టిండు.

ఇరువై ఆరు లెటర్లు రాజన్నా. అన్నీ ఒక్కతీరే. తారీఖు మారుతది, గౌరి వయసు మారుతది. మొదటి దాంట్ల మూడేండ్లు. తర్వాత నాలుగు వారాలకు మూడేండ్ల నెల. మూడేండ్ల రెండు నెలలు… ముదీర్ ఒక్కొక్క పేజీ తిప్పుతుంటే నాకు నవ్వు బందయ్యింది.

నువ్వు వానికి నేర్పుతున్నవనే అనుకున్న ఇన్ని దినాలు. నీ కోసమే రాసుకుంటున్నవని నాకేమెర్క?… పక్క మంచమే గద నాది. ఒక్కమాటన్న చెప్పకపోతివి.

ఆ… ఆ, తెలుసు. సెలవు మీద పోతే నీ కుర్చీల ఇంకొకన్ని కూసోవెడ్తరని. మా అందరికీ గదే బుగులు. కానీ రాసి రాసి ఇయ్యకుంట ఉండేటోన్ని నిన్నొక్కన్నే చూసిన.

నిన్ను బచాయిద్దామని నేనే అడ్డం వడ్డ. "వాడు బట్టీ పట్టిండు సాబ్, అర్థంగాకనే రాసిండు" అన్న. ముదీర్ ఏమన్నడో ఎర్కనా? నీ ఆఖరి లెటరు మీద ఒక వేలు, లిన్ ఇయ్యాల రాసిందాని మీద ఒక వేలు పెట్టి, "బట్టీ పట్టినోడు వయసు మారుస్తడా?" అన్నడు…

అవు. నువ్వు ఫుజైరా పోయి రెండు నెలలాయె. నీ ఆఖరి దాంట్ల మూడేండ్ల ఆర్నెల్లు. వాడియ్యాల రాసింది మూడేండ్ల ఎనిమిది నెలలు. ఎవ్వలు చెప్పలే వానికి. వాడే యాది పెట్టుకున్నడు.

ఏడుస్తున్నవా?…

సరే, ముక్కు తుడుచుకో. ఆగుత… టైపు మిషిన్ మీద కార్చకు, తుప్పు వడ్తది.

అయిపోయిందా?… ఆ, విను. "ఇగ నీ సొంతంగ నాలుగు ముక్కలు రాయి" అన్నడు ముదీర్. రాసిండు. అవన్నీ తప్పులే. కాగితం నా చేతులనే ఉన్నది. "మా టీచర్ మంచోడు. ఉత్తరం రాస్తడు. ఇయ్యడు. టీచర్‌కు భయం, నాకు లేదు."

గా తప్పుల ముక్కలకే పాస్ చేసిండు వాన్ని. నీ లెటరుకు గాదు, జర గర్వం తగ్గించుకో… అవు, పాస్! గురువారం విమానం లేదు, ఏం లేదు. సూపర్‌వైజర్ లిన్ సాబ్!

ఒర్లకు, చెవు పోతది… ఇంకోటున్నది. కూసో… నిలవడే ఉన్నవా? కూసో.

లీవు లెటరు మీద ఆకుపచ్చ సిరాతోని రాసిండు ముదీర్. రెండు నెలలు, మంజూరు… కుర్చీ? నీ కుర్చీల ఎవ్వలను కూసోవెట్టరు. నువ్వొచ్చేదాక మీ క్వారీ రిపోర్టులు ఈడికే పంపుమన్నడు. లిన్ టైపు కొడ్తడట— ఒక్క వేలుతోని. నువ్వొచ్చేసరికి మొదటి పేజీ అయితది.

మజాక్ కాదు, నీ బిడ్డ మీదొట్టు… సరే, నా బిడ్డ మీదొట్టు. కానీ వాడు నీ పేరు రాసిండు, సంతకం నువ్వే పెట్టాలె. రేపే బండెక్కి రా. ఈసారన్న ఇచ్చిపో.

లక్ష్మక్కకు జాబు రాస్తవా? ఎందుకే, జాబు పోయేలోపట నువ్వే పోతవు…

ఆగు, మా సూపర్‌వైజర్ వచ్చి పక్కపొంటి నిలవడ్డడు. నిన్నేదో అడుగాల్నట… వాట్ లిన్?… ఆ… ఆ… అచ్ఛా.

రాజన్నా, లీవు లెటరు నేర్పినవట గని, సెలవు అయినంక వాపస్ వచ్చి డ్యూటీల చేరిన అని రాసే లెటరు నేర్పలేదట. అది ఎట్ల రాయాలెనని అడుగుతుండు…

ఫోన్ల చెప్పకు.

పోయి, బిడ్డను చూసి, వచ్చినంక నేర్పు… ఆ. పెడ్తున్న.