ఇందిరాదేవి గారి కాలు తడబడలేదు

అధ్యక్ష స్థానంలో ఉన్న డాక్టర్ తనూజ గారికి, వేదిక మీది పెద్దలకి, గుడివాడ నుంచి శ్రమపడి వచ్చిన పాత సహోద్యోగులకి, అవనిగడ్డ బస్సు దిగి నేరుగా ఇటే నడిచొచ్చిన దివిసీమ మిత్రులకి, గిలకలదిండి అక్కచెల్లెళ్ళకి, ముందు వరుసలో కూర్చుని 'త్వరగా ముగించండి' అని అప్పుడే కళ్ళతో చెప్తున్న మా ఆవిడ వెంకటరత్నమ్మకి, అందరికీ నమస్కారాలు. (నవ్వులు)

రిటైరవుతున్నానని ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా నన్ను మునగచెట్టు ఎక్కించారు. దిగడానికి నాకు కొంచెం టైము ఇవ్వండి.

డెబ్బై ఏడులో నేను మన ఆసుపత్రిలో కళ్ళు పరీక్షించే పనికి చేరేనాటికి కళ్ళ పరీక్ష గది అంటే వరండా చివర పెంకుల గది. గోడకి అక్షరాల అట్ట ఒక్కటే ఉండేది. కోడూరు తొలి బస్సుకి వచ్చినవాళ్ళు గుమ్మం బయట వరుసలో నిలబడి, లోపల ముందువాళ్ళు చదివేది విని కంఠతా పట్టేసేవాళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాలున్న ఒక తాతగారైతే ఆఖరి వరుస కూడా గడగడా అప్పజెప్పేశాడు. అనుమానం వచ్చి నేను అట్ట తలకిందులుగా పెట్టాను. అయినా అదే చదివాడండీ! (నవ్వులు) తర్వాత ఈ మేడ కట్టారు, ఏసీ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, అన్నీ మంచివే. కానీ ఆ పెంకుల గది పడగొట్టిన రోజున నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. చూడలేకపోయాను.

ఇందాక తనూజ గారు ఒక మాట అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో గోవర్ధనరావు గారి మీద ఒక్క ఫిర్యాదు రాలేదని. ఫిర్యాదు రాని మాట నిజమే డాక్టరమ్మా. తప్పు జరగని మాట మాత్రం నిజం కాదు. మీకు తెలియదు, అప్పటికి మీరింకా చదువుకుంటున్నారు.

మూడో వరుసలో చల్లపల్లి ఇందిరాదేవి గారున్నారు. దివిసీమలో ఆవిడ నాటకం చూడనివాళ్ళు నాకు తెలిసి లేరు. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే మైకు దండగ అనేవాళ్ళు. ఆవిడకి చిన్నప్పటి నుంచీ దూరపు చూపు తక్కువ. తొంభై ఒకటిలో కాంటాక్ట్ లెన్సులు పెట్టింది నేనే. రెండువేల రెండులో, ఆవిడకి నలభై ఆరేళ్ళప్పుడు, అందరికీ వచ్చే చత్వారం ఆవిడకీ వచ్చింది. లెన్సులు పెట్టుకుంటే చేతిలో అద్దంలో సొంత కనుబొమ్మ మసగ్గా కనిపిస్తుంది, తీసేస్తే స్టేజీ అంచు కనిపించదు. మేకప్పు తనే వేసుకునే మనిషి. కిరీటం పెట్టుకున్న రాజు కళ్ళజోడు పెట్టుకుని రాలేడు కదండీ!

అప్పట్లో నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి గట్టి లెన్సు. పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి. చూపు శుభ్రంగా ఉంటుంది గానీ స్టేజీ దుమ్ము రేణువు పడిందంటే ప్రాణం విలవిల్లాడుతుంది. రెండోది కొత్తగా వచ్చిన మెత్తటి మల్టీఫోకల్. వలయాలు వలయాలుగా ఉంటుంది, దూరం దగ్గర రెండూ ఒకేసారి కంట్లోకి వస్తాయి, కావలసినది మెదడు ఏరుకోవాలి. దాంతో లైట్ల చుట్టూ మసక వెలుగు కనబడుతుంది. మూడోది పాత ఉపాయం. ఒక కంటికి దూరం లెన్సు, రెండో కంటికి దగ్గర లెన్సు. తేలిక, కానీ లోతు అంచనా తప్పుతుంది. ఒక్కోటి వారం చొప్పున ఇచ్చి, వచ్చినప్పుడల్లా అడిగాను. "ఎలా ఉందమ్మా?" "బాగుందండీ, మీ దయ." మూడింటికీ అదే జవాబు. నా పుస్తకంలో మూడు చోట్లా 'బాగుంది' అని రాసుకుని, నాకు అలవాటైన మూడోదే ఖాయం చేశాను. లోతు సంగతి ఆవిడతో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ యేడు కోడూరులో, బల్లలు పేర్చి కట్టిన స్టేజీ మీద, పద్యం మధ్యలో, ఇంకో బల్ల ఉందనుకుని ఆవిడ ముందుకి అడుగేశారు. అక్కడ బల్ల లేదు. మణికట్టు విరిగింది.



కట్టుతో నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను, లెన్సుల వల్ల ఏమైనా ఇబ్బంది అయిందా అని. "అబ్బే, లెన్సులు బాగున్నాయండీ. నా ఖర్మ." నాకు హమ్మయ్య అనిపించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికెళ్ళి ఇదంతా చెప్తే మా ఆవిడ ఏమందో తెలుసా? "ఏమండీ, కొత్తల్లుణ్ణి కూరెలా ఉందని అడిగితే ఉప్పెక్కువైందంటాడా? మీరు అంత ఆశగా మొహంలోకి చూస్తుంటే బాగాలేదని ఎట్లా అంటుంది ఆవిడ?" పాతికేళ్ళు ఈ పనిలో ఉన్నా నాకు రాని ముక్క అది. మన వైపు మర్యాదస్తుల్ని ఏ లెన్సు బాగుందని అడిగి తెలుసుకుందామనుకోవడం నా తెలివితక్కువ.

మర్నాడు ఆదివారం. ట్రయల్ లెన్సుల పెట్టె పట్టుకుని చల్లపల్లి వెళ్ళాను. అడగడం మానేసి చూడటం మొదలుపెట్టాను. ఒక స్టేజీ లైటు వేయించి, చేతికి అద్దం ఇచ్చి, కనుబొమ్మ గీయమన్నాను. గీత వంకర పోతే లెన్సు మార్చాను. పీట మీంచి దిగమన్నాను. పాదంతో నేల తడుముకుంటే మళ్ళీ మార్చాను. చివరికి రెండు కళ్ళకీ మెత్తటి మల్టీఫోకల్లే, కుడికంటిది దూరం వైపు కాస్త మొగ్గేట్టు, ఎడమకంటిది దగ్గర వైపు కాస్త మొగ్గేట్టు కుదిరాయి. కనుబొమ్మ ఒక్క గీతలో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ అలాగే చేశాను. గిలకలదిండిలో వల అల్లే పెద్దింట్లమ్మ చేత వల అల్లించే చూశాను. నాకు వచ్చిన మంచిపేరంతా ఆ పద్ధతిదే.

కానీ ఈలోగా ఊళ్ళన్నీ ఒకే మాట అనేశాయి. ఇందిరాదేవికి వయసు మీద పడింది, కాలు తడబడింది అని. నాటకాల కమిటీల వాళ్ళు పిలవడం మానేశారు. కోడూరు కమిటీ పెద్ద తాతారావు గారూ, ఆ మాట మీరూ అన్నారు. తల దించుకోకండి సార్, మీ తప్పు కాదు. నిజం తెలిసినవాణ్ణి నేను. నా పేరు పోతుందని ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. ఆవిడ చూపు సరిచేశాను గానీ ఆవిడ పేరు సరిచేయలేదు. ఈ శాలువా కప్పించుకుని ఆ ముక్క చెప్పకుండా ఇంటికెళ్తే నాకు అన్నం సహించదు. అందరూ వినండి. ఆవిడ కాలు తడబడలేదు. తప్పు లెన్సు పెట్టింది నేను. ఇందిరాదేవి గారూ, నన్ను క్షమించండి.

(ఇందిరాదేవి గారు లేచి, మైకు వద్దని, ఉన్నచోటి నుంచే మాట్లాడారు.)

"నాకు అప్పుడే తెలుసండీ గోవర్ధనరావు గారూ. మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను. ఆరేళ్ళు వంటింట్లో పద్యాలు పాడుకున్నానండీ, గిన్నెలకి వినిపిస్తూ. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. క్షమించానని ఇవాళ అనలేను."

అనొద్దమ్మా. మీరు కోప్పడటమే న్యాయం.

తనూజ గారికి, నన్ను భరించిన సిబ్బందికి, నా చేతుల్లో కళ్ళు పెట్టిన అందరికీ కృతజ్ఞతలు. నా మాటలైపోయాయి. తాతారావు గారూ, ఇలా పైకి రండి, ఈ మైకు మీరు అందుకోండి. ఈ యేడు మీ ఊళ్ళో నాటకం ఉందని విన్నాను. ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు, ఏమడగాలో మీకు తెలుసు. నాకిక సెలవిప్పించండి.