పూజలో ఉన్న స్టాండ్లు

హలో… ఆ, నేనే రా, మీ బావనే. చెప్పు ఎల్లేష్.

…ఇంట్లనే ఉన్న. హుస్సేనీ ఆలం ఇడిసి ఏడికి పోత, దసరా పూట? మీ అక్క మటన్ పొయ్యి మీద ఎక్కించింది, వాసనకు గల్లీ అంత మా దర్వాజ కాడనే ఉన్నది. నువ్వెప్పుడొస్తున్నవ్? అమలను, పిల్లను తీస్కొని జల్ది రా.

…ఏంది, ఇంకా చాంద్రాయణగుట్టలనే ఉన్నవా? కార్ల రిపేరు షెడ్డుల దీపం పెట్టి వస్త అంటివి గదా పొద్దుగాల!

…ఏ ఖలీల్ భాయ్?… ఆ, తెల్ల కారు. సైలెన్సర్ జారి రోడ్డుకు రాసుకుంటుందా? అరే, నిన్ను దీపం పెట్టమన్న గాని దుకాణం పెట్టమన్ననా? సరే తీ. పెండ్లికి పోయేటోళ్లను ఏం ఆపుతం. పది నిమిషాల పని, చేసి పంపియ్యి.

…నట్టు తిరుగతలేదా? తుప్పు పట్టి ఉంటది. పానా మంచిగ కూసోబెట్టి రెండు చేతులతోటి గుంజు. ఊకె గోకితే రాదు, బలం పెట్టాలె.

…గుంజు, గుంజు. ఫోన్ స్పీకర్ల పెట్టి నేల మీద పెట్టు, నేను లైన్లనే ఉన్న.

…రాలే? ఇంకోసారి. కాలు తన్నిపెట్టి గుంజు… ఏ పానా పెట్టినవ్ ఇంతకు?

…ఖలీల్ భాయ్ బండిలదా? మన పానాలు— ఆ, అవ్ అవ్, పూజల ఉన్నయి. శాబాష్. ముట్టలేదన్నట్టు. ఆయుధపూజ అంటే గట్లుండాలె. ఈ కాలంల నీ లెక్క మాటినేటోడు ఎవడున్నడు…

…

ఆగు.

ఎల్లేష్, పానాలు పూజల ఉన్నయి సరే. మరి కారు లేపి కింద పెట్టే స్టాండ్లు? నాలుగు ఇనుప స్టాండ్లు కూడ నిన్న నేనే కడిగి, పసుపు రాసి, అమ్మవారి ఫొటో ముంగట పెట్టిన గదా. నువ్వు కారు దేని మీద లేపినవ్?

…జాకీ మీద. ఎవరి జాకీ?… బండిలదే. అంటే టైరు మార్చనీకె ఇస్తరు, గా చిన్నది. ఇంకేం పెట్టినవ్ కింద?

…ఇటుకలా? ఏ ఇటుకలు?… గోడ కాడ పడున్న సిమెంటువా, నడుమ బొక్కలుంటయి, గవేనా? ఒకదాని మీద ఒకటి… మూడు.

నువ్వు కారు కిందనే ఉన్నవా ఇప్పుడు?

…ఏం లే మహేశ్వరీ, ఎల్లేషే. పని గురించి అడుగుతున్నడు. నువ్వు కూర చూస్కో, అడుగంటుతది. పో.

…నీకు గాదు రా, అక్కకు. ఇగ విను. పానా మీదికెల్లి చెయ్యి తియ్యి. తీసినవా? నట్టును ముట్టకు. నేనే గుంజమన్న, నా నోట్ల మన్ను వడ. గుంజకు.

…నవ్వకు! గట్టిగనే ఉన్నదంటవ్. పడేదాక అన్ని గట్టిగనే ఉంటయి.

…టైర్లకు అడ్డం రాళ్లన్న పెట్టినవా?… పెట్టలే. మన షెడ్డు ముంగట నేల రోడ్డు దిక్కు వాలి ఉన్నది, ఎరుకే గదా నీకు. బకెట్ నీళ్లు పోస్తే బస్సుల కిందికి పోతయి.

…ఏంది, కండ్లల్ల పొడి పడుతుందా? ఎప్పటికెల్లి?… నేను గుంజమన్నప్పటికెల్లి. తుప్పే అంటవా… వేలు మీద పట్టి చూడు. ఎర్రగున్నదా, తెల్లగున్నదా?

…

…బూడిద లెక్క.

అయ్యో దేవుడా.

ఏం లే, ఏం లేదంటున్న గదా. తుప్పు గాదు గది, ఇటుక నలుగుతుంది. దిగ్గున లేవకు! లేస్తే తలకాయ తగులుతది, తగిలితే కారు ఊగుతది. అట్లనే పండుకో. నేను చెప్తుంట, నువ్వు చెయ్యి. ఖలీల్ భాయ్ ఏడున్నడు?

…కార్ల కూసున్నడా? పాటలు ఇనుకుంట?

గట్టిగ పిలువు ఆయనను. నా మాట వినబడేటట్టు చెయ్యి… ఖలీల్ భాయ్! సునో భాయ్! దర్వాజా ఖోలో నక్కో. హిలో నక్కో. మేరా సాలా నీచే హై… కదలద్దని చెప్పిన రా, తలుపు తియ్యద్దని, నువ్వు కింద ఉన్నవని. విన్నడా?… ఆ, జీ అన్నది నాకూ వినబడ్డది.

…భయమైతుందా? అయితది. నాకూ అయితుంది, దాపుడెందుకు.

…అవ్, స్టాండ్లు ఎందుకు తియ్యలే అంటే, ముట్టద్దని నేనే చెప్పిన. నేనొచ్చి రేపు కొబ్బరికాయ కొట్టేదాక ఒక్క సామాను కదిలినా ఊకోనన్న. నిన్న నువ్వు సుత్తె జరిపితే నలుగురిల తిట్టిన గూడ. అమ్మవారు అనలే గా మాట, నేనన్న. తప్పు నాది, నీది గాదు.

ఇంకోటి చెప్పాలె నీకు. నా కాలు స్కూటర్ మీదికెల్లి పడి కుంటిదైంది అని చెప్పిన గదా అందరికి… అబద్ధం. కారు పడ్డది. జాకీ ఒక్కటే పెట్టి దూరిన, రెండు నిమిషాల పని అనుకొని. మేస్త్రీకి గిట్లయిందంటే ఇజ్జత్ పోతదని చెప్పలే. గందుకే స్టాండ్లు చేపిచ్చిన. చెప్పి ఉంటే నువ్వియ్యాల దూరకపోదువు.

…సరే, తర్వాత తిట్టు. నీ కాళ్లు బయటనే ఉన్నయి గదా?… మోకాళ్ల దాక. మంచిది. ఇటుకలు ఏ పక్క?… ఎడమ పక్క. అయితే ఎడమ కాలు కుడి కాలుకు అంటిపెట్టు. ఇటుకకు అంగి గూడ తగలద్దు. కారును పట్టుకోకు, దేన్ని ఆనుకోకు. మోచేతులు నేలకు పెట్టి, పాకుకుంట, కాళ్ల దిక్కు…

…ఫోన్ ఆడనే ఉండనీ. నేల మీదనే ఉండనీ, వినబడుతుంది నాకు. దాని కోసం చెయ్యి చాపినవో చంపుత.

…ఆ. మెల్లగ. తొడలు వచ్చినయా బయటికి?… ఇంక మాట్లాడకు. పాకు.

మహేశ్వరీ, గా టీవీ బంద్ చెయ్యి! …ఎందుకేంది, బంద్ చెయ్యమంటున్న!

…నడుము వచ్చిందా? శాబాష్. జర పైలం. ఇంక ఛాతి, భుజాలు… అంతే. ఇంక జానెడు…

…ఏంది సప్పుడు? కర్రుమన్నదేంది?

ఎల్లేష్, తల! తల పక్కకు—

…

ఎల్లేష్?

హలో? హలో!

…లేదు, కట్ అయింది. ఏం కాలే. ఏం కాలేదంటున్న గదా, చెయ్యి ఇడువు మహేశ్వరీ, నంబరు కొట్టనియ్యి… స్విచ్చాఫ్ వస్తుంది. మల్ల కొడుత… మల్ల గదే.

…అవ్. కారు కింద ఉండె. నీ తమ్ముడే… నేనే ముట్టద్దన్న స్టాండ్లు. నేనే.

…ఏడ్వకు, ఏడ్వకు. బండి తాళం ఏడున్నది? నేను పోత. ఫలక్‌నుమా దిక్కు నుంచి పోతే ఎంత సేపు, అర్ధగంట… అర్ధగంట ఎట్ల ఆగాలె?

ఆగు, మోగుతుంది. ఎవరిదో కొత్త నంబరు.

…మోగనియ్యి. ఒక్క నిమిషం మోగనియ్యి. ఎత్తబుద్ధి అయితలేదు.

హలో… ఆ, నేనే.

…ఖలీల్ భాయ్. బోలో. ఏడ్వకు భాయ్, రోవో నక్కో, బోలో!

…

…ఉస్‌కో దో. ఫోన్ వానికియ్యి.

…

ఎల్లేష్?

…ఇంకోసారి బావా అను.

…ఊపిరి తీస్కో. నేను తీస్కుంటలేనా, నువ్వూ తీస్కో. రెండు చేతులు ముంగటికి పెట్టి చూడు. వేళ్లు లెక్కపెట్టు. నాకు వినబడేటట్టు లెక్కపెట్టు.

…ఆరు… ఏడు… ఆ… పది. అన్ని ఉన్నయి.

…కారు పడంగ అంగి చెయ్యి ఇరికిందా కింద? చింపుకొని వచ్చినవా. పోనీ, కొత్తదైతే ఏంది. ఫోన్ మీద ఇటుకలు పడ్డయా, పోనీ. గవన్ని పోనీ.

ఇప్పుడు నేనొచ్చేదాక ఎవ్వరు గా కారు దగ్గరికి పోవద్దు. ఖలీల్ భాయ్‌ను అవుతల కూసోబెట్టు, ఇద్దరు నీళ్లు తాగున్రి. తర్వాత నువ్వు షెడ్డులకు పోయి, అమ్మవారి ముంగట ఉన్న స్టాండ్లు నాలుగు తీసి బయట పెట్టు.

…అవ్, ఇయ్యాలనే. నేను చెప్తున్న, ముట్టు. బొట్టు చెదిరితే చెదరనీ. దండం పెట్టుకొని తియ్యి, ఆమె ఏమనదు.

…ఏంది రా, ఏడుస్తున్నవా? ఏడువు, ఏం గాదు.

ఇగో, అక్క గుంజుకుంటుంది ఫోన్, ఇస్తున్న… మహేశ్వరీ, పట్టుకో. జర గట్టిగ పట్టుకో. నన్ను తర్వాత తిడుదువు గాని, ముందుగాల వాని గొంతు విను.