మూడు వెంట్రుకల సందు

హైటెక్ సిటీలో ఒక కంటెంట్ కంపెనీ, తొమ్మిదో అంతస్తు, చిన్న మీటింగు గది. సాయంత్రం అయిదున్నర. టీమ్ లీడ్ రేఖ, రైటర్ నవీన్.

“ముందు తలుపెయ్యి నవీన్. ఇగ చెప్పు, ఆ నంబర్ ఏడికెల్లి తెచ్చినవ్?”

“ఏ నంబరుక్కా?”

“ఏ నంబరా! మన అమెరికా క్లయింటు పాత రైఫిళ్ళకు కొత్త గొట్టాలు అమ్ముతడు. ఏ రైఫిల్‌కు గొట్టం లోపల కొలత ఎంతుండాల్నో పట్టిక మనమే రాసిచ్చినం. మనమంటే నువ్వు. దాంట్ల పదిహేడో లైను.”

“ఓ, అదా.”

“ఆఁ, అదే.”

“కాఫీ తాగినావా అక్కా?”

“నవీన్!”

“రీసెర్చ్ చేసినా.”

“ఏం రీసెర్చ్?”

“బాగా... లోతుగా చేసినా.”

“ఇగో, ఈ మెయిల్ ఇను. రాసినాయనకు డెబ్బై నాలుగేండ్లు. ‘మా నాన్న వాడిన చిన్న రైఫిల్ ఒకటుంది, కింద లీవర్ తిప్పేది. మా మనవరాలు వచ్చే వారం పోటీలో దాంతోనే గురి కొడతానని పట్టుబట్టింది. గొట్టం తుప్పు పట్టిపోయిందని, మీ పట్టిక చూసి కొత్తది చేయించాను. ఇప్పుడు గుండు పొర్లుకుంటూ పోయి అడ్డంగా తగులుతోంది. కాగితం మీద చిల్లు తాళంచెవి పెట్టే కన్నంలా పడుతోంది. పిల్ల ఏడుస్తోంది.’”

“అయ్యో.”

“ఆగు, ఇంకున్నది. ‘తప్పు నాదే అయ్యుంటుంది. వాల్ట్ గారిని నేనేమీ అనడం లేదు. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి.’ ఏంది, తలుపు దిక్కు చూస్తున్నవ్?”

“ఏం లేదక్కా.”

“ఈ వాల్ట్ ఎవరు? నేను ఈ ప్రాజెక్టుకొచ్చి నెలే అయితున్నది.”

“వాల్ట్ హెన్స్‌లీ. పట్టిక కింద పేరుంటాది సూడు, ఆయన. అరవై ఏండ్ల అనుభవం.”

“మంచిది. ఫోన్ నంబరియ్యి, ఆయన్నే అడుగుత.”

“వద్దులేక్కా.”

“ఎందుకొద్దు?”

“ఆయన ఫోన్‌లో దొరకడు.”

“మరి ఏడ దొరుకుతడు?”

“ఈడనే.”

“ఈడనంటే?”

“ఇప్పుడు నువ్వు మాట్లాడతాండావే, ఆయన్తోనే.”

“...వాల్ట్ నువ్వా?”

“నన్నేం చేయమంటావక్కా? తుపాకుల గురించి ఆంజనేయులు కొడుకు నవీన్ రాసినాడంటే ఎవురు కొంటారని అప్పటి క్లయింటు మేనేజరే అన్నాడు. ఆ పేరు ఆయనే పెట్టినాడు. టోపీ ముసలాయన బొమ్మ కంప్యూటర్తో చేయించినాం. నా జన్మలో నేను పట్టుకునింది దీపావళి తుపాకొక్కటే.”

“ఆ మేనేజరు ఏడున్నడు?”

“మానేసినాడు. ఇప్పుడుండే ఆయమ్మకు వాల్ట్ అంటే శానా గురి.”

“గందుకేనా! వాల్ట్ కరెక్టుగనే చెప్పుంటడు, మీరే తప్పు టైపు కొట్టిన్రు అంటున్నది. ఆరున్నరకు కాల్. అంతలోపల సోర్సన్న చూపెట్టాలె, లేకుంటే టైపు కొట్టినోని పేరన్న ఇయ్యాలె. పేరిచ్చిన్నంటే నీ నౌకరి ఖతం. నీ భార్య నవ్యకు గిప్పుడు ఏడో నెల గదా?”

“ఏడో నెలే.”

“మరి నిజం జెప్పు. ఆ లైన్ల 321 ఏడికెల్లి వచ్చింది?”

“ముప్పై రెండు అనే పేరుతో రెండు రకాల తూటాలుండాయంటక్కా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పేరు ఒకటే గదా, కొలత కూడా ఒకటే ఉంటాదిలే అని పెద్దదాని నంబరును కిందికి లాగినా.”

“ఎక్సెల్‌లనా?”

“మూల పట్టుకొని.”

“దేవుడా! సరే, ఎవడన్న వేరేటోడు గూడ 321 అన్నడేమో వెతుకు.”

“ఆ లైను మీద ఫిర్యాదు వచ్చిందని తెలిసి పొద్దున్నుంచి అదే పని. నెట్‌లో ఆరు చోట్ల 321 అనే ఉండాది.”

“హమ్మయ్య! ముందే చెప్పొద్దా? గవే సోర్సులు పెట్టు.”

“వాళ్ళు కూడా కింద సోర్స్ ఇచ్చినారక్కా.”

“ఎవరిని?”

“వాల్ట్‌ను.”

“ఆరుగురా?”

“ఆరుగురూ. ఒకాయన వీడియోకు నాలుగు లక్షల మంది ఉండారు. ‘వాల్ట్ చెప్పినాక ఇంక తిరుగులేదు’ అంటాడు దాంట్లో.”

“మంచిగున్నది. నువ్వాడిన అబద్ధమే అమెరికా అంతా తిరిగొచ్చి నీకు సాక్ష్యం జెప్పవట్టె. అయినా పెట్టు. ఆయమ్మ ఖుష్, నీ నౌకరి సలామత్.”

“ఆ పిల్ల గురి సంగతి?”

“ఏ పిల్ల?”

“మనవరాలు. ఆ సోర్సులు పంపిస్తే ముసలాయన నాదే తప్పనుకొని గమ్మునుంటాడు. ఆ పిల్ల పోటీలో అందరి ముందర నగుబాటు అయితాది. నాకు సిగ్గుగా ఉండాదక్కా. ఆయప్ప నాకు నమస్కారం పెట్టినాడు.”

“వాల్ట్‌కు పెట్టిండు.”

“వాల్ట్‌కు సిగ్గు లేదు. నాకుండాది.”

“అరే, పరేషాన్ జేస్తవ్ గదరా! అయితే అసలు కొలత ఎంతో మనకు ఎవరు జెప్తరు? ఈ బిల్డింగుల తుపాకుల సంగతి ఎవరికెరుక?”

“లింగమూర్తన్నకు.”

“గేటు కాడ మన బ్యాగులు చూసే సెక్యూరిటీ లింగమూర్తా?”

“ఆయనే. ముందు తుపాకుల రిపేరు దుకాణంలో పన్జేసినాడంట. టీ తాగేటప్పుడు చెప్పినాడు.”

“ఇంకేం జూస్తున్నవ్? తోల్కరా పో, జల్ది!”

“పిలిచిన్రంట మేడం, నేనేం తప్పు జెయ్యలే. లిఫ్టు కాడ లొల్లి నాది గాదు.”

“లొల్లి ఏం లేదు, కూసో లింగన్నా. నీకు తుపాకులు ఎరికేనా?”

“పోలీసోళ్ళొచ్చిన్రా?”

“అయ్యో, ఎవ్వరు రాలే. ఊకెనే అడుగుతున్న.”

“లైసెన్సున్న దుకాణం మేడం మాది, కోఠి దిక్కు. ఇరవై ఆరేండ్లు చేసిన. సేఠ్ సచ్చిపోయె. కొడుకులు దాన్ని దీసి బట్టల దుకాణం పెట్టిరి. నేనొచ్చి గీడ లాఠీ పట్టుకొని నిలవడ్డ.”

“అన్నా, కింద లీవర్ తిప్పే రైఫిల్ చూసినావా ఎప్పుడన్నా? ముప్పై రెండు, చిన్నది?”

“చూసుడేంది బిడ్డా! పాత నవాబుల ఇండ్లల్లకెల్లి రిపేరుకు వస్తుండె. కిందికి గుంజి మీదికి తోస్తే తూటా ఎక్కుతది. ముద్దుగుంటది.”

“దాని గొట్టం లోపల కొలత ఎంత?”

“గాట్ల కాడ మూడు నూర్ల పన్నెండు. అంగుళంల వెయ్యో వంతుల లెక్క.”

“321 కాదా?”

“ఎవడన్నడు? గది ముప్పై రెండుల పెద్దదానిది. పెద్దదాని కొలత దెచ్చి చిన్నదానికి పెట్టిండా? ఎవడా గాడిది?”

“వాల్ట్ అని... ఒకాయన.”

“గుడ్డోడా?”

“నవీన్, రాస్కో. లింగన్నా, తొమ్మిది వెయ్యో వంతులకే అంత తేడా వస్తదా?”

“మూడు వెంట్రుకల సందు మేడం. లోపట మెలికలు తిరిగిన గాట్లుంటయి. గుండు వాటిని కరుసుకొని, తిరుక్కుంట పోవాలె. సందుంటే ఏం కరుస్తది? పొర్లుకుంట పోయి అడ్డం తగుల్తది.”

“తాళంచెవి కన్నంలా!”

“నీకెట్లెరుక బిడ్డా? అచ్చం గట్లనే.”

“సరేన్నా, 321 కొట్టేసి 312 అని పెడ్తా.”

“ఒక్క నంబరే పెట్టి ఊకోకు. పాత తుపాకి పైన రాసినదొకటి ఉంటది, లోపటుండేదొకటి. పాత గొట్టమైతే గొట్టాన్నే కొలువాలె. కొత్తది చేయించుకునేటోడు ముందుగాల తను వాడే గుండును కొలిచి, దానికి తగ్గట్టు గొట్టం తీసుకోవాలె. లాడ్ బజార్ల గాజులామె చెయ్యి పట్టి చూడంది గాజు దీస్తదా?”

“రాస్తున్నవా నవీన్?”

“రాసి పంపించినా కూడా. ‘ఇరవై ఆరేళ్ళు ఇవే రైఫిళ్ళు చేత్తో బాగుచేసిన లింగమూర్తి గారు చెప్పారు’ అని పెట్టినా.”

“నా పేరు అమెరికా పోయిందా?”

“పోయిందన్నా.”

“ఇంటిపేరు పెట్టినవా?”

“జర ఆగుండ్రి ఇద్దరు, క్లయింటు ఆయమ్మ జవాబొచ్చింది. ‘ధన్యవాదాలు. కానీ ఈ లింగమూర్తి గారు ఎవరో మాకు తెలియదు. ఆయనకు సర్టిఫికెట్ ఏమైనా ఉందా?’ లింగన్నా, ఉన్నదా?”

“గదే లేదు మేడం.”

“‘లేకపోతే ఏమీ చేయలేము. మా వాల్ట్ గారు 321 అన్నారు. ఆరు చోట్ల అదే ఉంది, మేమూ చూశాము. ఆయన స్వయంగా మార్చమంటే తప్ప ఒక్క అంకె కూడా మార్చము.’”

“అక్కా.”

“ఊఁ.”

“వాల్ట్ మెయిలు పాస్‌వర్డ్ నా దగ్గరుండాది.”

“...తలుపేసినవా?”

“వేసినా.”

“రాయి. ‘నేను, వాల్ట్‌ను. పెద్దదాని కొలత చిన్నదానికి రాసిన. తప్పు నాదే, ఆ పెద్దమనిషిది గాదు.’”

“‘అమ్మాయితో క్షమించమని చెప్పండి’ అని కూడా పెడ్తా.”

“పెట్టు. గాజుల ముచ్చట గూడ పెట్టు.”

“మేడం, గా వాల్ట్ అంటే...”

“తర్వాత జెప్త లింగన్నా, జర ఊకో. పోయిందా నవీన్?”

“పోయింది. అరె, అప్పుడే జవాబు! ‘ఎంత గొప్ప మనసు! ఇంత పెద్దాయన తన తప్పు తానే ఒప్పుకోవడం మాకందరికీ పాఠం. ఇప్పుడే పట్టిక మారుస్తున్నాం. అమ్మాయికి కొత్త గొట్టం పోటీలోపే మా ఖర్చుతో పంపిస్తాం. గాజుల పోలిక అద్భుతం. ఈ రోజు కాల్ అవసరం లేదు.’”

“టైపు కొట్టినోని పేరు?”

“అడగలేదక్కా!”

“బతికినవ్ పో. నవ్యకు ఫోన్ చెయ్యి. లింగన్నా, నీ రుణం ఉంచుకోం. చెప్పు, నీకేం గావాలె?”

“నాకేం వద్దు మేడం. ఒక్కటే ముచ్చట.”

“చెప్పు చెప్పు.”

“గచ్చిబౌలి దిక్కు షూటింగు నేర్పే కాడ తుపాకులు సాఫ్ జేసే నౌకరి ఉన్నది. పోయి పని చేసి చూపెట్టిన. మంచిగున్నదన్నరు గని, ఎవరన్న పెద్ద మనిషి కాడికెల్లి సర్టిఫికెట్ దెమ్మన్నరు. సేఠ్ లేకపాయె. సోమారం దాక టైమిచ్చిన్రు.”

“దానికి మేమేం జేస్తం లింగన్నా?”

“మీరు గాదు. గా వాల్ట్ సారు నాకొక చిట్టీ రాసిస్తడా?”

“అయ్యో లింగన్నా! ఇంతసేపు చూసినవ్ గదా. వాల్ట్ అనేటోడు లేనే లేడు.”

“లేడని ఎరికే మేడం. నేనున్న గదా, నా మాట ఎవలు ఇన్నరు?”