యాకోవోస్ అల్లిన ద్రాక్షబుట్ట

పొద్దున తను చేసిన ఘనకార్యం తలుచుకుంటే అర్జీరిస్‌కే సిగ్గేసింది. చనిపోయిన మామగారి ద్రాక్షతోటకి వెళ్లి, ఎవరో పారేసిన పాత బుట్ట అనుకుని ఒకదాన్ని పట్టుకు లాగాడు. తీరా చూస్తే అది తీగ! సాంతోరిని దీవిలో గాలికి భయపడి తీగల్ని నేలమీదే బుట్టల్లా చుట్టి అల్లుతారు, గుత్తులు లోపల కాస్తాయి. అర్జీరిస్ పుట్టిన ఊళ్లో ద్రాక్ష పందిరెక్కుతుంది, పాపం వాడికేం తెలుసు? భార్య మాత్రం నాన్న మళ్లీ పోయినట్టు ఏడ్చింది. ఈ చలికాలంలో సరిగ్గా అల్లేవాడు దొరక్కపోతే తోట దక్కదు.

అందుకే మామగారు తీగలు కత్తిరించే కత్తి పట్టుకుని, కల్లియోపి నడిపే కాఫీ కొట్టుకి వచ్చాడు. "తీగలల్లడంలో మొనగాడెవరండీ?" అనడమే ఆలస్యం, మూలన కూర్చున్న యాకోవోస్ వైన్ గ్లాసు దించాడు.

"మొనగాణ్ణి ఎదురుగా పెట్టుకుని ఎవరంటావేం అల్లుడూ? ఒక ఏడాది ఏం చేశాననుకున్నావు? పొద్దున్నే నిచ్చెనేసుకుని, కత్తి నోట కరుచుకుని, మధ్యాన్నం పప్పు తినేలోపు ఒక బుట్ట అల్లేశా. గాలొచ్చింది. తోటలన్నీ ఊగాయి, నా బుట్ట ఆకు కదిల్తే ఒట్టు!"

"అబ్బో!" అంది కల్లియోపి.

"ఆగమ్మా! ఆ గాలికి రోషమొచ్చి మా గాడిదని ఎత్తుకుపోయి సముద్రంలో పడేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బుట్టలో ద్రాక్షలు కాశాయి, ఒక్కోటి ఇంతింత గుమ్మడికాయ! ఎండబెడదామంటే మా మిద్దె చాల్లేదు, చర్చి మిద్దె అడిగా."

"పాదిరీ ఇచ్చాడా?"

"ఇచ్చాడు, మిద్దె కూలింది! ఆ రసం కొండమీంచి రేవులోకి పారి, చేపలు తాగి, వలలో పడ్డాక కూడా పాటలు పాడుతూనే ఉన్నాయి. వేయించినా ఆపలేదు!"

కొట్టంతా గొల్లుమంది. అర్జీరిస్‌కి నవ్వాలో నమ్మాలో తెలీలేదు. వీళ్ల తీగలు బుట్టలైనప్పుడు వీళ్ల చేపలు పాడవా ఏంటి? కత్తి యాకోవోస్ ముందుకు జరిపాడు, మళ్లీ ఆగాడు. వాడి బుర్రలో ఒకటి అడ్డంపడింది.

"బాబాయ్, చేపలు పాడాయి, సరే. గాడిద ఎగిరింది, అదీ సరే. నా మట్టిబుర్రకి ఒక్కటి ఎక్కట్లేదు. తీగ మోకాలెత్తు కూడా ఉండదు కదా, నిచ్చెన దేనికేశావు?"

యాకోవోస్ వైన్ గ్లాసు మళ్లీ ఎత్తి దాని వెనక మొహం దాచుకున్నాడు. కల్లియోపి కాఫీ గిన్నె దించి కడుపు పట్టుకుని నవ్వింది.

అర్జీరిస్ మెల్లగా కత్తి వెనక్కి తీసుకున్నాడు. "కల్లియోపి అత్తా, మరి నాకెవరు నేర్పిస్తారు?"

"ఈయన్ని తప్ప ఊళ్లో ఎవర్నడిగినా నేర్పిస్తారు నాయనా! పద, ముందు నేనొచ్చి చూపిస్తా."

ఇద్దరూ గుమ్మం దాటుతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"నిచ్చెన పట్టుకోడానికైనా నన్ను పిలవండర్రా!"