కృపమ్మ కాళ్లకింది బండ

ఎల్బీనగర్ దాటి తుర్కయంజాల్ వైపు పోయే సాగర్ రోడ్డు మీద ఒక టైల్స్ షాపు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన కొమరయ్య, దిల్‌సుఖ్‌నగర్‌లోని తన ఇంట్లో బాత్రూం మళ్లీ కట్టించుకుందామని, భార్య కృపమ్మను ఆటోలో వెంటబెట్టుకొని వచ్చాడు. కూతురు ఎలిజబెత్ మన్సూరాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చి కలిసింది. షాపు యజమాని మల్లికార్జునరావు కృపమ్మను ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాడు.

"తెల్లదే కావాలె సేటు. మార్బులే. ఇంక వేరేది సూపియ్యకు."

"నాయినా, ఆయన చెప్పేది జర ఇను."

"ఇంటున్న గదా."

"ఇంటలేవు. ఈ రోజులల్ల బాత్రూంల మార్బుల్ ఎవరు ఏపిస్తున్నరు?"

"అమ్మాయిగారు చెప్పింది నిజమేనండి బాబాయ్ గారూ. నా కొట్లో సరుకు గురించి నేనే ఇలా అనకూడదు గానీ, చెప్పకపోతే తప్పు. మార్బుల్ నీళ్లు తాగుతుందండి. బాత్రూం కడిగే యాసిడ్ ఒక్క చుక్క పడిందా, ఇక ఆ మచ్చ జన్మలో పోదు. సబ్బు నీళ్లు పడితే జారుతుంది కూడా."

"యాసిడ్ పొయ్యం. ఉత్త నీళ్లతోటి నేనే కడుగుత, రోజు."

"అమ్మ జారి పడితే?"

"నేను పట్టుకుంట గదా. పట్టుకోకుంట ఎన్నడన్న ఇడిసిపెట్టిన్నా?"

"అది కాదు నాయినా..."

"మీ అమ్మ ఎంతమంది ఇండ్లల్ల మార్బుల్‌కు పాలిష్ పట్టిందో నీకు ఎరుకేనా బిడ్డా? నీళ్లల్ల కూసోని, మిషిన్ ఒత్తుకుంట, పొద్దుగూకే దాక. బంజారాహిల్స్ దిక్కు, జూబ్లీహిల్స్ దిక్కు. ఇంటికొచ్చి అరికాళ్లు సూపిచ్చేది, నాని తెల్లగైనయి సూడు అని. మన బాత్రూంల గుడ ఒకనాడు గసోంటి తెల్ల బండ ఏపియ్యి అన్నది. ఇంకేం అడగలే నన్ను."

"నాకు తెలుసు."

"బంగారం అడగలే. ఒక మంచి చీర అడగలే."

"తెలుసు నాయినా. అప్పుడు అడిగింది. ఇప్పుడు..."

"ఇప్పుడేమైంది?"

"ఏం లేదు. అన్నా, జారనివి చూపియ్యండి. ఆయన చెప్తనే ఉంటడు."

"ఇవిగోండమ్మా. యాంటీ స్కిడ్. చెయ్యి పెట్టి చూడండి, గరుగ్గా తగులుతుంది. ఇది బూడిద రంగు, ఇది ఇసుక రంగు. ఇదేమో చెక్కలా కనపడేది."

"బాత్రూంల చెక్క ఎందుకు సేటు?"

"చెక్క కాదండి, టైలే. పైన అచ్చు అలా వేస్తారు. పోనీ రాయే కావాలంటే తాండూరు బండ ఉంది. పాలిష్ పెట్టించకుండా వేసుకుంటే కాలికి పట్టు దొరుకుతుంది. ఇంతకీ ఇప్పుడు ఏముందండీ మీ బాత్రూంలో?"

"నల్ల గ్రానైట్."

"పగిలిందా?"

"పగల్లే."

"కింది పోర్షన్‌లోకి నీళ్లు దిగుతున్నాయా?"

"లేదు."

"మరెందుకండీ తీసేయడం? గట్టి సరుకది."

"మా అమ్మకు మతిమరుపు అన్నా. డాక్టర్..."

"నేను చెప్త ఆగు. ఆమె అందులకు అడుగు పెడ్తలేదు సేటు. తలుపు దాక ఒస్తది. ఆడ నిలబడి రెండు చేతులతోటి చౌకట్టు పట్టుకుంటది. ఎంత బతిమిలాడినా ఇడువది. నీళ్లు కాగబెట్టి పెడ్త, సల్లారిపోతయి. మల్ల కాగబెడ్త, మల్ల సల్లారిపోతయి. ఏందే, నీళ్లు బాగ కాలుతున్నయా అంటే కాదు. సలి పెడ్తుందా అంటే కాదు. ఏం చెప్పది. ఏడుస్తది."

"అయ్యో."

"దవాఖానల అడిగిన. గిట్లాంటి బీమారి ఉన్నోల్లకు నల్ల బండ బాయి లెక్క కనవడ్తదంట. నున్నగ మెరిస్తే నీళ్లు నిలిచినట్టు కొడ్తదంట. అందుకే భయపడ్తుందేమో అన్నడు డాక్టరు. గప్పుడు సమజైంది నాకు. బాయిల దిగు అంటే ఎవరు దిగుతరు సేటు? పాపం, తెల్వక రోజు ఆమెను బాయిలకు గుంజిన నేను."

"అది ఒక్కటే కాకపోవచ్చు నాయినా."

"డాక్టరు చెప్పిండు గదా."

"కొందరికి అట్ల ఉంటది అన్నడు. నేను గూడ ఉన్న అక్కడ."

"మరింకేముంటది?"

"ఏమో."

"కాళ్ల కింద తెల్ల దుప్పటి పరిసి సూసిన. పెద్ద బల్బు పెట్టిచ్చిన. అద్దం తీసేసిన. ఏం చేసినా గంతే. ఇగ ఆ బండలే తీసేస్త అనుకున్న. పోనీ తీ, ఆమె అడిగిన బండ ఏపిచ్చినట్టు గుడ అయితది."

"ఆ చేతి మీద ఏంటండీ బాబాయ్ గారూ, అంతలా గీసుకుపోయింది?"

"ఇదా. బకీటు తగిలింది."

"బకీటు గోర్ల లెక్క గీస్తదా నాయినా?"

"బకీటే బిడ్డా. ఒదిలెయ్."

"అయ్యా."

"ఆ, కృపా? ఇగో, ఈడనే ఉన్న."

"ఇది ఎవలి ఇల్లు అయ్యా?"

"ఇల్లు కాదే, షాపు. బండలు కొననీకి ఒచ్చినం."

"ఎప్పుడు పోతం?"

"పోదాం, పోదాం. జర సేపే. సూసినవా బిడ్డా, ఇంతమందిల నన్నే అడిగింది."

"చూసిన."

"మిమ్మల్ని బాగానే గుర్తుపడుతున్నారండీ."

"బిడ్డను మర్సింది సేటు. సిస్టరమ్మా అని పిలుస్తది. దవాఖానల సిస్టర్ అనుకుంటది. ఈమె బయటికి పోయి ఏడ్సి లోపలికొస్తది. మనుమరాలిని మర్సింది. నన్నైతే మర్వలే. అయ్యా, నీళ్లియ్యి అంటది. అయ్యా, ఆకలైతుంది అంటది. పొద్దుగూకితే చాలు, తలుపు దిక్కే సూస్కుంట కూసుంటది."

"అంతమాత్రం గుర్తున్నా అదృష్టమేనండి."

"గదే. గా ఒక్కటి నాకు ఇడిసిపెట్టిండు దేవుడు."

"అన్నా, తాండూరు బండ అన్నరు గదా. ఏడుంది?"

"చూపిస్తానమ్మా."

"ఒక మాట నాయినా. నేనొచ్చిన ఆదివారం అమ్మ మంచిగనే చేస్తది గద తానం. అదే బాత్రూం. అదే నల్ల బండ."

"ఆదివారం చర్చికి పోవాలని చేస్తది బిడ్డా. గది యాదికుంటది ఆమెకు. పాటలు గుడ అన్ని యాదికున్నయి, ఒక్క మాట తప్పది."

"అవును. అట్లనే అయ్యుంటది."

"అట్లనే. ఇంకేముంటది?"

"సరే నాయినా. నీకు తెల్లదే కావాలంటే తెల్లదే తీసుకో. గోడకు పట్టుకోనీకి స్టీలు కడ్డీ పెట్టిద్దాం."

"ఇంతసేపు ఒద్దంటివి?"

"నీ ఇష్టం అంటున్న."

"నాదొక చిన్న సలహా అండీ. అమ్మగారి కోసమే కదా ఇదంతా. ఆవిణ్ణే నడిపించి చూద్దాం. నాలుగు రకాలూ కింద వేయిస్తాను. ఏది చూసి భయపడుతున్నారో, దేని మీద నడుస్తున్నారో ఇక్కడే తెలిసిపోతుంది."

"మంచి మాట చెప్పినవు సేటు."

"ఎందుకన్నా, ఆమెను కష్టపెట్టుడు..."

"కష్టమేముంది బిడ్డా. నాలుగడుగులు."

నల్ల గ్రానైట్, తెల్ల మార్బుల్, బూడిద రంగు టైలు, తాండూరు బండ వరసగా షాపు నేల మీద పరిచారు. ఎలిజబెత్ తల్లి చెయ్యి పట్టుకొని లేపింది.

"ఏడికి సిస్టరమ్మా?"

"ఏడికి లేదమ్మా. చెప్పులు ఇడిసి జర నడువు."

"చర్చిలకా?"

"చర్చి కాదమ్మా. ఇగో, ఈ బండ మీద అడుగెయ్యి."

"బిడ్డా, నల్లది పక్కకు తీపియ్యి ముందుగాల. భయపడ్తది. కృపా, అది బాయి కాదు. నేనున్న, ఈడనే..."

"ఎక్కింది నాయినా."

"ఏంది?"

"నల్ల దాని మీదనే నిలబడ్డది."

"అమ్మగారూ, భయంగా ఉందా?"

"దేనికి? సల్లగుంది."

"కాళ్ల కింద ఏం కనవడ్తుందే కృపా?"

"బండ. ఇంకేం కనవడ్తది అయ్యా? నల్ల బండ."

"తెల్ల దాని మీదికి రా. ఇగో. నువ్వు అడిగింది గిదే."

"మార్బులు. ఎవలు పట్టిండ్రు పాలిషు? మంచిగ పట్టిండ్రు. మొఖం కనవడ్తుంది. ఒంగి సూడు సిస్టరమ్మా, ఎవలో ముసలామె."

"మెల్లగమ్మా. ఇటు రా. ఇది గరుకుగుంటది."

"ఇది గూడ మంచిగనే ఉంది."

"నాలుగింటి మీదా నడిచారండీ. ఎక్కడా తడబడలేదు."

"నడిసింది."

"మరి మీరన్నట్టు..."

"మరి ఇంట్ల ఎందుకు పోతలేదు? బిడ్డా, ఇంట్ల ఎందుకు పోతలేదు?"

"ఈ బూడిద రంగుది తీసుకుందాం నాయినా. అన్నా, ఇదే రాసుకోండి. ఇగ పోదాం పా, ఎండ ముదురుతుంది."

"ఆగు."

"నేను ఆటో పిలుస్త."

"ఆగమన్న గదా. కృపా, ఇటు సూడు. నా దిక్కు సూడు. ఈ నల్ల బండ మీద నడిస్తివి. ఇంట్ల గుడ గిదే బండ. ఆడ ఎందుకు అడుగు పెట్టవు?"

"ఏడ అయ్యా?"

"ఇంట్ల. తానానికి."

"సిస్టరమ్మ చేపిస్తె చేస్త."

"నేను చేపిస్తె?"

"నాయినా, ఇడిసిపెట్టు. ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం."

"నేను చేపిస్తె ఏమైతది కృపా? చెప్పు. నేనేం అనను."

"నువ్వు మంచోనివే అయ్యా. నేను కాదంటలే. బువ్వ పెడ్తవు. తల దూస్తవు. సలి పెడితే దుప్పటి కప్పుతవు. గని తానం ఎట్ల చేపిచ్చుకుంట? నాకు మొగడున్నడు."

"అమ్మా, కూసో. నాయినా, ఆమెకు ఏదో..."

"నీకు ఎరుకేనా బిడ్డా?"

"నాయినా."

"ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"క్రిస్మస్ సంది. తానం చేపిస్తుంటే, బయట ఆ పెద్దమనిషి ఉన్నడు, తలుపు మంచిగ పెట్టు సిస్టరమ్మా, అన్నది. ఎట్ల చెప్పాలె నీకు? నన్ను మర్వలే, నన్ను మర్వలే అని నువ్వు అందరికి చెప్పుకుంటుంటే, ఏ నోటితోటి చెప్పాలె?"

"బాయి అనుకున్న నేను."

"నాయినా, ఏడువకు."

"బాబాయ్ గారూ, అలా కూర్చోండి. కాసిని మంచినీళ్లు తాగండి."

"ఒద్దు సేటు. ఆ గరుకుదే పంపియ్యుండ్రి. కాలు జారకుంట ఉంటది. బిడ్డా, తానం చేపియ్యనీకి ఒక ఆడమనిషిని సూడు. నేను బయట కూసుంట."

"వేరే మనిషి ఎందుకు? పొద్దున డ్యూటీకి పోయే ముందు నేనే ఒస్త."

"నువ్వు ఒచ్చిన గంత సేపు నేను పాలకు పోత తీ. ఇంట్ల ఉండ. ఆమెకు నిమ్మలంగుంటది."

"నాయినా..."

"అయ్యా, కోపమొచ్చిందా?"

"లేదమ్మా. కోపమెందుకు?"

"కండ్లు ఎర్రగైనయి మరి."

"దుమ్ము వడ్డది. బండలు కోస్తున్నరు గదా, లోపల."

"మా ఆయన గూడ నీ లెక్కనే. నెమ్మదస్తుడు. డిపోల పని. డ్యూటీ దిగి ఒస్తనన్నడు, ఇంకా రాలే. జర ఫోన్ చెయ్యరాదు ఆయనకు?"

"చేస్తనమ్మా. పేరేంది ఆయనది?"

"మొగని పేరు నోట్లెకెల్లి ఎట్ల తీస్త?"

"నేను పరాయోన్నే గదా. నాకు చెప్తె ఏం కాదు."

"చెవు ఇటు పెట్టు. కొమరయ్య."

"కొమరయ్య."

"గట్టిగ అనకు."

"అననులే. ఏమని చెప్పాలె ఆయనకు? నువ్వు తానం చేస్తలేవు, ఏడుస్తున్నవు అని చెప్పాల్నా?"

"ఒద్దు ఒద్దు. పరేషాన్ అయితడు. కృప మంచిగుంది, ఒక పెద్దమనిషి పానం లెక్క సూస్కుంటున్నడు, ఉరుకకుంట మెల్లగ రా అని చెప్పు."