క్లేటన్ మీద తిరిగిన రాబందులు

"ఆ బైనాక్యులర్లు మీకు, నాకెందుకమ్మా? ఉత్త కంటితో మైలు దూరం నుంచే అది డేగో రాబందో చెప్పేస్తా" అన్నాడు ఓర్విల్, మడత కుర్చీలో వెనక్కి వాలి.

అక్టోబరు. దక్షిణానికి వలసపోయే పక్షుల్ని లెక్కపెట్టడానికి పెన్సిల్వేనియాలో ఆ కొండ అంచున ఐదారుగురం కూర్చున్నాం. లెక్క రాసేది లోర్నా. జూన్ అనే టీచరమ్మ ఆ రోజే కొత్తగా వచ్చింది.

"రెక్కలు పైకెత్తి, తాగినోడిలా ఊగుతూ పోతోందా, అది టర్కీ రాబందు. ఆ ఊగడం చూసే కదా మా తమ్ముడు క్లేటన్‌ని కనిపెట్టాను."

"మొదలెట్టాడు" అన్నాడు మిల్ట్, ఫ్లాస్కులోంచి కాఫీ ఒంపుకుంటూ. ఆ కథ తొమ్మిదేళ్ళుగా వింటున్నాం. ఎవరమూ ఆపం.

"వాడు పుట్టగొడుగులు ఏరతానని అదిగో, ఆ లోయలోకి వెళ్ళాడు, రాత్రికి రాలేదు, తెల్లారీ రాలేదు, పోలీసులు కుక్కల్ని తెచ్చి రెండ్రోజులు వెతికారు, వాటికి జలుబు చేసిందో ఏమో, ఏమీ కనుక్కోలేదు. మూడోరోజు పొద్దున్నే నేను ఆకాశం చూశాను. లోయ మీద మూడు రాబందులు! పరిగెత్తాను. ఎంత వేగం అంటే, ఎదురొచ్చిన జింక పక్కకి తప్పుకుని దారిచ్చింది. తీరా వెళ్తే మూడు కాదు, ముప్ఫై!"

"పోయినేడు ఇరవయ్యే."

"పోయినేడు నీకు సరిగ్గా వినపడలేదు మిల్ట్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడొందలయ్యాయి. లోయంతా చీకటి. కింద మావాడి కాలు మీద ఓక్ చెట్టు పడుంది. 'అన్నయ్యా, వచ్చావా' అన్నాడు. చెట్టుని ఒంటిచేత్తో లేపి అవతల పడేస్తే అది దొర్లుకుంటూ పోయి ఏటికి వంతెనైంది, ఇప్పటికీ కార్లు పోతున్నాయి దాని మీద. మరి వీణ్ణి కొండెక్కించేదెలా? ఈల వేశాను. రాబందులన్నీ దిగి వాడి కోటు పట్టుకుని..."

"పట్టుకోలేవేమోనండీ" అంది జూన్. "వాటి కాళ్ళకి డేగలకున్నంత పట్టు ఉండదు."

"ముక్కులతో పట్టుకున్నాయమ్మా! ఎత్తుకుపోయి ఆసుపత్రి డాబా మీద దించాయి. నర్సు కిటికీ తీసి, 'వరసలో రండి' అంది."

అందరం నవ్వాం. జూన్ కూడా నవ్వి, కొత్తగా నేర్చుకున్న పాఠం గుర్తొచ్చినట్టు అంది: "కానీ అవి వాసన పట్టి వస్తాయట కదా. చచ్చినవాటి వాసన. బతికున్నవాళ్ళ చుట్టూ అలా చేరవు. అంటే అప్పటికే మీ తమ్ముడు..."

ఆగిపోయింది. లోర్నా పెన్సిలు కింద పెట్టేసింది.

"అయ్యో, క్షమించండి" అంది జూన్.

ఓర్విల్ కుర్చీని లోయకేసి తిప్పుకున్నాడు.

"గాల్లో మూడు, నేల మీద ఎనిమిది" అన్నాడు. "చెట్టూ లేదు, ఏమీ లేదు. గుండె ఆగిందన్నారు. నేను వెళ్ళేసరికి వాటికింకా దగ్గరికెళ్ళే ధైర్యం రాలేదు. కోటు విప్పి విసిరితే రెండు గజాలు వెనక్కెళ్ళి కూర్చున్నాయి. అక్కడ ఫోను పనిచెయ్యదు. మనుషుల కోసం పైకొస్తే వాణ్ణి వాటికి వదిలెయ్యాలి. అందుకని ఉండిపోయాను. వెతికేవాళ్ళు ఆ పక్షుల్ని చూసే సాయంత్రానికి వచ్చారు."

"అంతసేపూ ఒక్కడివే..." అంది లోర్నా. తొమ్మిదేళ్ళలో ఆ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు.

"వాటి తప్పేం లేదు లోర్నా. వాటి తిండి అది. కానీ వాటికి గొంతు లేదు కదా, బుస్సుమనడం తప్ప. చుట్టూ కూర్చుని ఊరికే చూస్తున్నాయి. ఆ నిశ్శబ్దం తట్టుకోలేక వాడికి కోతలు కోశాను. ఇందాక మీకు చెప్పానే, అదంతా అక్కడ అల్లిందే. చిన్నప్పట్నించీ నేను నోరు తెరిస్తే చాలు, 'ఇక ఆపన్నయ్యా' అనేవాడు. ఆ రోజు సాయంత్రం దాకా చెప్పాను. ఒక్కసారి కూడా అనలేదు."